పిచ్చుక నిలబడిన తీరు

తాడేపల్లిగూడెం,
జూలై 9.

మావయ్యా,

మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఫోన్లో మీతో మాట్లాడితే మా వీధంతా వింటుంది, మీరు తప్ప. చెరువుల మీద డీజిల్ ఇంజిన్లు మా అన్నయ్య చెవులు తినేశాయని అమ్మ అంటూ ఉంటుంది. పోనీ అత్తయ్యకి చేద్దామంటే, గుర్రం పేరెత్తగానే "పొయ్యి మీద పాలున్నాయమ్మా" అని పెట్టేస్తారు. అందుకని కాగితం పట్టుకున్నాను. ముత్యాలరావు గారి చేపల వ్యాను రోజూ మీ కొల్లేటికోట నుంచి మా ఊరి మార్కెట్టుకు వస్తుంది కదా, తిరిగి వెళ్లేటప్పుడు ఈ కవరు మీకిస్తానన్నారు. చేపల వాసన వస్తే నా తప్పు కాదు.

ఏలూరు ఆసుపత్రి నుంచి నిన్న ఇంటికి వచ్చాం. పాదం మధ్యలో ఒకదానికొకటి ఆనుకుని ఉండే చిన్న ఎముకలు పక్కకు జరిగిపోయాయట. లోపల ఒక రేకు పెట్టి మరలతో బిగించారు. "అది పాదానికి నడుములాంటి చోటమ్మా. నేను చెప్పేదాకా నేలకి ఆనించావంటే నా పనంతా వృథా" అన్నారు డాక్టరు గారు. పాదానికి నడుము! అంత నొప్పిలోనూ ఆ మాట నాకు భలే నచ్చింది. కాలేజీలో తెలుగు తీసుకున్నప్పటి నుంచి నాకిదో పిచ్చి పట్టింది, మంచి మాట వినబడితే రోజంతా నోట్లో వేసుకుని చప్పరిస్తాను.

ఆయన్ని ఒకటే అడిగాను, మళ్లీ గుర్రం ఎక్కగలనా అని. రికాబులో కాలు పెట్టినప్పుడు మనిషి బరువంతా సరిగ్గా ఆ నడుము మీదే పడుతుంది. "కుదురుగా అతుక్కుంటే ఎక్కుతావు. కుదరకపోతే ఆ మాట మర్చిపోవాలి" అన్నారు. దసరా వెళ్లాక తేలుతుందట. అంతవరకూ మంచమే.

మన గుర్రం పిచ్చుకే నన్ను పడేసిందని అమ్మ ఊరందరికీ చెబుతోంది. మీకు నిజం తెలియాలి. గట్టు తడిగా ఉంది. రికాబులోంచి కాలు పూర్తిగా తీయకుండానే నేను కిందికి దూకాను. పిచ్చుక రాయిలా నిలబడిపోయింది. అది ఒక్క అడుగు వేసి ఉంటే నా పాదం నాకు మిగిలేది కాదు.

ఏలూరు హాస్టల్ నుంచి శనివారం సాయంత్రం బస్సు దిగడం, ఆదివారం తెల్లారకుండా మీ చెరువుగట్ల మీద పిచ్చుకతో వెళ్లడం, నీళ్ల మీద కొంగలు ఒక్కసారిగా లేవడం, ఇవన్నీ కళ్లు మూసుకుంటే చాలు కనిపిస్తాయి. నేను వచ్చేదాకా దాన్ని రోజూ గట్టు మీద నడిపించండి మావయ్యా. ఊరికే నిలబెడితే కాళ్లు బిగుసుకుపోతాయి. మేతకి మాత్రం లోటు చెయ్యకండి.

తేజస్వి


కొల్లేటికోట,
జూలై 13.

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. వాసన లేదు. నాకు ఉత్తరాలు రాయడం రాదు. చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయో రాయమంటే రాస్తాను.

పిచ్చుక బాగానే ఉంది. నువ్వు చెప్పినట్టు గట్టు మీద నడిపిస్తున్నాను. వానలకి గట్లు నల్లబురద అయిపోయాయి, మోటారు సైకిల్ చక్రాలు సగం దిగిపోతున్నాయి. సాయంత్రం పూట పిచ్చుకని తోలుకుని వెళ్లి దగ్గరి చెరువులు చూసుకుని వస్తున్నాను. నేను ఎక్కడం లేదు. నా బరువు దానికి ఇష్టం ఉండదని నీకు తెలుసు.

శనివారం బస్సు వచ్చే వేళకి గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది. బస్సు వెళ్లిపోయాక కూడా అక్కడే ఉంది. ఆ రాత్రి గడ్డి ముట్టలేదు. మీ అత్తయ్య చూసి, "ఏవండీ, మనిషి కాలు విరగ్గొట్టి ఇప్పుడు అలకొకటా దీనికి? ఎక్కేవాళ్లు లేని గుర్రం ఎందుకండీ, చేపైతే అమ్ముకునైనా తినొచ్చు" అంది. ఆవిడ సంగతి నీకు కొత్త కాదు.

కాలు కింద పెట్టకు. అమ్మ మాట విను.

మీ మావయ్య


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 2.

మావయ్యా,

మీకు ఉత్తరాలు రాయడం రాదని ఎవరన్నారు? "బస్సు వెళ్లిపోయాక కూడా అక్కడే ఉంది." ఆ ఒక్క వాక్యం చదివి చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయాను.

ఇక్కడ నా రోజులు ఉల్లిపాయల వాసనతో గడుస్తున్నాయి. నాన్నగారు ఉల్లిపాయల మార్కెట్టు నుంచి రాగానే చొక్కా విప్పి నా మంచం కోడుకే తగిలిస్తారు. పక్కింటి పింకీ వచ్చి నా కట్టు మీద పువ్వులు గీసింది. మంచంలో పడుకుని గుర్రాల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. జీను, కళ్లెం, పగ్గం, రికాబు, గిట్ట. ఎంత బాగున్నాయి ఈ మాటలు! పైకి చదువుకుంటుంటే ముంగిట్లో గుర్రం వచ్చి నిలబడినట్టే ఉంటుంది. తీరా చూస్తే నాన్నగారి చొక్కా.

నిన్న సాయంత్రం మీ వైపు నుంచే వచ్చింది వాన. దక్షిణాన ఆకాశం కొల్లేరు రంగు తిరిగింది. తర్వాత పొలాలన్నీ ఒక్కొక్కటే చెరిగిపోతూ వచ్చాయి. మేడ మీద నుంచి చూస్తుంటే వాన నడిచి రావడం స్పష్టంగా తెలిసింది. పిచ్చుక తడిసి ఉంటుంది, ఒళ్లు తుడిచారా?

కార్తీకమాసానికి నేను దాని మీద ఉంటాను. చూడండి.

తేజస్వి


కొల్లేటికోట,
ఆగస్టు 6.

అమ్మలూ,

తుడిచాను.

పిచ్చుకకి మేత బాగా పట్టింది. మెడ లావెక్కింది, ఒళ్లు నిగనిగలాడుతోంది. చూసినవాళ్లు కడుపుతో ఉందా అని అడుగుతున్నారు. నేను తెల్లారి చెరువుల మీదికి వెళ్తే మళ్లీ సాయంత్రమే రావడం, పగలు అది ఏం చేస్తుందో తెలియదు. మూతికి ఏదో పొడి అంటుకుని ఉంటోంది. గోడ నాకుతోందేమో.

ఒకటే తేడా. నడక తగ్గింది. మొన్న కంకర రోడ్డు మీద అడుగు పెట్టనంది. లాగితే తల పైకెత్తి మొరాయించింది. పాకలో కూడా ముందుకాళ్లు బాగా ముందుకి చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతోంది. పెద్దమనిషి పడకకుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. "కొవ్వెక్కి పొగరు" అంది మీ అత్తయ్య. కాళ్లు బిగుసుకున్నాయేమోనని ఇంకో చెరువు దాకా ఎక్కువ నడిపిస్తున్నాను.

ఇంకో మాట. వాన మేడ మీద నుంచి చూశానని రాశావు. మీ మేడకి మెట్లున్నాయి, లిఫ్టు లేదు. ఎలా ఎక్కావు?

మీ మావయ్య


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 7.

మావయ్యా,

మెట్ల సంగతి తర్వాత. ఇది చదివిన నిమిషం నుంచీ పిచ్చుకని నడిపించకండి. నడిపించమన్నది నేనే, ఆపమంటున్నదీ నేనే. ఒక్క అడుగు కూడా వద్దు.

దాని ముందుగిట్టల మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉన్నాయా? ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూ ఉందా? మలుపు తిరగమంటే తిరగలేకపోతోందా? అది పొగరు కాదు మావయ్యా. గిట్టలు నొప్పి పుట్టి, బరువు వాటి మీద పడకుండా వెనక్కి వాలుతోంది. నేను చదివిన ప్రతిచోటా గుర్రం అలా నిలబడిన బొమ్మే ఉంది. పని లేకుండా నిలబడిన గుర్రానికి మేత మితి మీరితే వస్తుందట. ఆలస్యమైతే గిట్ట లోపల ఎముక జారిపోతుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు.

దానికి ఏం పెడుతున్నారు? గడ్డి కాకుండా ఇంకేం తింటోంది? మూతికి ఆ పొడి ఏమిటి?

అత్తయ్యకి ఫోన్ చేశాను. "దానికేం, మహారాణిలా ఉంది" అని పెట్టేశారు.

ఇవాళే కైకలూరు వెళ్లి పశువుల డాక్టర్ని తీసుకురండి. ఈ కవరు వేరే ఎవరికీ ఇవ్వకుండా మీ చేతికే ఇవ్వమని ముత్యాలరావు గారికి చెప్పాను. "పరీక్ష పేపరు కాదు కదమ్మా" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తేజస్వి


కొల్లేటికోట,
ఆగస్టు 9.

అమ్మలూ,

గిట్టలు వేడిగానే ఉన్నాయి. ఎండకి కావచ్చు. నడిపించడం ఆపాను.

మేత సంగతి నేను చూశాను. సరిచేశాను. ఇక దాని గురించి అడగకు.

డాక్టరు ఎందుకు? రెండు రోజులు చూద్దాం. గేదెలకీ ఇలాంటివి వస్తాయి, పోతాయి.

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. నీ కాలు నువ్వు దాస్తే, ఇక్కడి సంగతులు నాకెందుకు విప్పి చెప్పాలి? మెట్లెక్కినట్టు మీ అమ్మకి చెప్పు. ఏలూరు వెళ్లి కాలికి ఎక్స్‌రే ఫోటో తీయించుకో. నువ్వు అమ్మకి చెప్పిన రోజు నేను కైకలూరు వెళ్తాను.

మీ మావయ్య


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 12.

మావయ్యా,

చెప్పాను. నొప్పితో ఉన్న మూగజీవాన్ని అడ్డం పెట్టి నా చేత చెప్పించారు. మీరిలాంటివారని అనుకోలేదు.

అమ్మ వంటింట్లో ఉంది. "అమ్మా, నేను మేడ ఎక్కాను. ఒకసారి కాదు" అన్నాను. అమ్మ గరిట పట్టుకునే వచ్చింది.

"ఎందుకెక్కావే?"

"వాన చూద్దామని."

"వాన కిందకి రాదే?"

నిజానికి మేడ పిట్టగోడ ఎత్తు జీను ఎత్తంత ఉంటుంది. దాని మీద ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి కూర్చునేదాన్ని. ఆ మాట అమ్మకి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

నిన్న ఏలూరు తీసుకువెళ్లారు. ఫోటోలో ఒక మర వంగి ఉంది. డాక్టరు గారు దాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు, అదే భయంగా ఉంది. "ఎముకలు ఇంకా పట్టు తప్పలేదు. మళ్లీ నేల తాకిందంటే మళ్లీ కొయ్యాలి. గుర్రం సంగతి ఇప్పుడు అడక్కు" అన్నారు. దారి పొడవునా అమ్మ కిటికీలోంచి బయటికే చూసింది. నాన్నగారు ముందు సీట్లోంచి, "ఆ గుర్రాన్ని పంపించెయ్యమని మీ బంగార్రాజు మావయ్యకి చెప్పు" అని ఒక్క ముక్క అన్నారు.

నా వంతు అయింది. ఇప్పుడు మీ వంతు. ఈలోగా పిచ్చుకకి ఏమైనా అయి ఉంటే నేను మీతో మాట్లాడను.

తేజస్వి


కొల్లేటికోట,
ఆగస్టు 14.

అమ్మలూ,

నీ ఉత్తరం అందిన గంటకి కైకలూరులో ఉన్నాను. డాక్టరు దీవెన గారని చిన్న వయసావిడ. పాకలో బురదలోనే మోకాళ్ల మీద కూర్చుని, గిట్టలు పట్టుకుని చూశారు. చూస్తూనే, "ఏం పెడుతున్నారండీ దీనికి?" అని అడిగారు.

నువ్వు చెప్పిందే. లామినైటిస్ అంటారట. ఎముకని గిట్టకి పట్టి ఉంచే పొర వాచింది. నడిపించినకొద్దీ ఆ పట్టు ఇంకా వదులైందట. సూదులు వేశారు. కాళ్లు చల్లటి నీళ్లలో ఉంచమన్నారు. కింద మెత్తగా ఉండాలన్నారు.

ఇక నీకు దాచి లాభం లేదు. చేపలకి మనం తవుడు ఎలా పెడతామో నువ్వు చూశావు. సంచికి చిల్లులు పొడిచి, తవుడు నింపి, నీళ్లలో పాతిన కర్రకి కడతాం. చేపలు వచ్చి కావలసినంత లాక్కుని పోతాయి. పిచ్చుకకి కూడా పాకలో స్తంభానికి అలాంటి సంచి కట్టాను. నువ్వు లేక దిగులు పెట్టుకుంది, బలం వస్తుందనుకున్నాను. పగలల్లా అది ఆ సంచి నాకుతూనే ఉంది. తవుడుతో పాటు నూకలు, బెల్లం కూడా వేశాను. మేత సంగతి అడగకు అన్నది అందుకే.

దీవెన గారు వచ్చేవారం గన్నవరం పశువుల కాలేజీ నుంచి ఫోటో మిషను తెప్పిస్తామన్నారు. ఎముక ఎంత జారిందో అప్పుడు తెలుస్తుంది. అరికాలు చీల్చుకుని బయటికి వస్తే మాత్రం బతికించి బాధ పెట్టకూడదు, ఇంజక్షన్ ఇవ్వాలి అన్నారు.

నడిపించమన్నావని నువ్వేమీ అనుకోకు. తప్పు నాది.

మీ మావయ్య


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 15.

బంగార్రాజు గారికి,

అది గుర్రమండీ. మీ చెరువులో చేప కాదు. బరువు పెంచి కాటా ఎక్కించడానికి కాదు దాన్ని మీ దగ్గర వదిలింది.

మూతికి అంటిన పొడి చూసి గోడ నాకుతోందేమో అని రాశారు. మీ చేత్తో కట్టిన సంచిలోని తవుడు మీకు తెలియలేదా? తెలిసే రాశారా? నేను అడిగిన రోజునైనా డాక్టర్ని పిలవకుండా నా కాలు గురించి బేరం పెట్టారు. ఎవరిని కాపాడుకోవడానికి? మిమ్మల్ని మీరే కదా.

ఫోటోలో ఏముందో తెలిశాక ముత్యాలరావు గారితో ఒక్క ముక్క చెప్పి పంపండి చాలు. ఉత్తరం రాయనక్కర్లేదు.

తేజస్వి


కొల్లేటికోట,
ఆగస్టు 18.

అమ్మా తేజస్వీ,

నేను నాంచారమ్మని. మీ అత్తయ్యని. నా రాత నీ అంత బాగుండదు, ఐదో తరగతితో ఆపేశారు. కష్టపడి చదువుకో.

తవుడు సంచి కట్టింది మీ మావయ్య కాదు. నేను.

ఆయన తెల్లారి చెరువుల మీదికి వెళ్లగానే కట్టేదాన్ని, వచ్చేలోగా విప్పి నీళ్ల గాబు వెనకాల పెట్టేదాన్ని. పైకి దాన్ని తిడుతూ ఉన్నానుగా, ఆయన చూస్తే నవ్వుతారని. మేత గురించి అడుగుతూ నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చారు. సంచి స్తంభానికే ఉంది. దాన్ని చూశారు, నన్ను చూశారు. "ఎన్నాళ్ల నుంచి?" అన్నారు. చెప్పాను. అరుగు మీద కూర్చుని, "సంగతి బయటపడితే నేను కట్టానని రాస్తాను. ముందే మీ ఇద్దరికీ సరిపడదు. నువ్వని తెలిస్తే పిల్ల మన గుమ్మం తొక్కదు" అన్నారు. డాక్టరు వస్తే అందరిలో నా పేరు బయటపడుతుందని ఆయన భయం. అందుకే నీతో అలా బేరం పెట్టారు. డాక్టరు వచ్చేదాకా ఇంజను పైపు పాకలోకి లాగి, దాని కాళ్ల మీద నీళ్లు పోస్తూనే ఉన్నారు. అది నీకు రాయలేదు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకోసం ఆడిన అబద్ధం ఇదొక్కటే. ఆడటం బాగానే ఆడారు. నీ ఉత్తరం చదివాక అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. "బంగార్రాజు గారికి అని రాసిందే" అన్నారు.

నేనెందుకు కట్టానో చెబుతాను. ఆ శనివారం నువ్వు రాకపోతే అది గేటు దగ్గర అలా నిలబడి ఉంది. "రాదే, కాలు విరగ్గొట్టావు కదా, ఇంకేం వస్తుంది" అని తిట్టాను. అది వచ్చి నా కొంగు నోట కరుచుకుంది. అరిచినా వదల్లేదు. గడ్డి తినని దానికి ఇంకేం పెట్టాలో నాకు తెలియలేదు. తవుడు పెడితే తింది. నాలుగు రోజులకి ఒళ్లు చేసింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మేం పెంచిన ప్రాణాలన్నీ బరువు పెరిగితే బాగున్నట్టు, తగ్గితే జబ్బు చేసినట్టు. పుట్టినప్పటి నుంచీ మాకు తెలిసిన లెక్క అదొక్కటే. తింటూ తింటూ జబ్బు చేసే ప్రాణి ఉంటుందని పెద్దింట్లమ్మ తల్లి సాక్షిగా నాకు తెలియదు.

ఇప్పుడది పడుకుంటే లేవడం లేదు. లేస్తే నిలబడలేకపోతోంది. మీ మావయ్య కొల్లేటి నల్లమట్టి ట్రాక్టరుతో తోలించి పాకంతా మెత్తగా పరిచారు. శుక్రవారం ఫోటో తీస్తారు. మీ నాన్నగారు ఫోన్ చేసి, ఎలాగూ పనికిరాదు, శుక్రవారం దాకా ఎందుకు అన్నారు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పాలి. గుర్రం నీది.

నన్ను తిట్టాలంటే తిట్టు. ఆయన్ని అనకు.

నాంచారమ్మ


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 19.

అత్తయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక కాగితాలు చించుతూ కూర్చున్నాను. మాటలంటే ఇష్టమని గొప్పగా చెప్పుకుంటాను. మొన్న వాటిని ఏరి ఏరి మావయ్య మీద విసిరాను. ఏ మాట ఎక్కువ తగులుతుందో చూసి మరీ రాశాను. "బంగార్రాజు గారికి" అని రాసినప్పుడు భలే కుదిరిందనుకున్నాను కూడా.

మిమ్మల్ని తిట్టను. మేతకి లోటు చెయ్యకండి అని రాసింది నేను. నొప్పి కాళ్లతో కంకర మీద నడిచింది నా మాట వల్లే. నేనేమో కాలు నేలకి ఆనించకు అని డాక్టరు గారు అన్నిసార్లు చెప్పినా విననిదాన్ని, దానికి మాత్రం నడవమని ఆజ్ఞలు రాసి పంపాను.

శుక్రవారం దాకా ఆగండి. ఫోటోలో ఎముక కిందికి వచ్చేసి ఉంటే ఇంజక్షన్ ఇమ్మనండి. మావయ్య నా మొహం గుర్తొచ్చి ఆలోచిస్తారు, ఆలోచించనివ్వకండి. నేను ఎక్కడానికని అది ఆ కాళ్ల మీద నిలబడక్కర్లేదు. ఈ వాక్యం రాయడానికి నిన్నటి నుంచీ ప్రయత్నిస్తున్నాను. రాసేశాను. అప్పుడు మీరు దాని తల దగ్గర ఉండండి. మావయ్య చూడలేరు.

ఎముక నిలిచి ఉంటే మాత్రం దాని మేత మీ చేతిలోనే ఉండాలి. మావయ్యకి వద్దు, జాలి పడి పెట్టేస్తారు. దీవెన గారు ఎంత చెబితే అంత, నానబెట్టిన గడ్డి, అంతే. అది మీ కొంగు పట్టుకున్నా సరే.

మావయ్యకి వేరే ఉత్తరం రాయడానికి మొహం చెల్లడం లేదు. ఇది ఆయన దగ్గర గట్టిగా చదవండి. వీధంతా విన్నా ఫర్వాలేదు. తప్పుగా రాశాను మావయ్యా. మీ ఉత్తరం కోసం చూస్తుంటాను.

తేజస్వి


కొల్లేటికోట,
ఆగస్టు 22, శుక్రవారం.

అమ్మలూ,

ఎముక జారింది. చీల్చుకుని రాలేదు. అరికాలికి ఇంకా వేలి మందం దూరంలో ఉందన్నారు దీవెన గారు. ఇంజక్షన్ వద్దన్నారు.

మీ అత్తయ్య పాకలోనే కూలబడి ఏడ్చింది. నాకు వినపడలేదు, కనపడింది.

మిగతాది నెమ్మదిగా రాస్తాను. కాలు కింద పెట్టకు.

మావయ్య


కొల్లేటికోట,
అక్టోబరు 17.

అమ్మా తేజూ,

మీ మావయ్య రాయలేక నన్ను కూర్చోబెట్టారు. ఇన్నాళ్లూ "తేరుకుంటోంది, తేరుకుంటోంది" అని రాస్తూ వచ్చారు కదా. అది నిజమే. కానీ నిన్న దీవెన గారు రెండో ఫోటో చూసి చెప్పిన మాట రాయడానికి ఆయనకి చెయ్యి రాలేదు. నేను రాస్తున్నాను.

పిచ్చుక బతుకుతుంది. నడుస్తుంది. దాని వీపు మీద మాత్రం ఇక మనిషి బరువు పడకూడదు. నీదే కాదు, చిన్నపిల్లలది కూడా. ఎప్పటికైనా అని అడిగాను. లేదమ్మా అన్నారు.

ఈ ముక్క చదివి నువ్వు కాసేపు ఆగుతావని తెలుసు. ఆగు. తర్వాత మిగతాది చదువు.

నీ ఎముకలు అతుక్కున్నాయని, బూటు వేసుకుని కర్ర పట్టుకుని నడవమన్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గుర్రం ఎక్కొచ్చో లేదో వేసవికి గానీ చెప్పరట. సరే. ఎక్కమంటే అప్పుడు ఇంకో గుర్రం సంగతి చూద్దాం, మీ మావయ్య అప్పుడే ఉండి ఊరి వైపు వాకబు చేస్తున్నారు. నీకు చెప్పొద్దన్నారు.

మీ నాన్నగారు మళ్లీ ఫోన్ చేశారు. ఎక్కడానికి పనికిరాని గుర్రానికి ఎన్నాళ్లు మేత పోస్తారు, ఎవరికైనా ఇచ్చెయ్యండి అన్నారు. నేనే తీశాను ఫోను. "అన్నయ్య గారూ, మీ బావగారికి చెవులు పనికిరాకుండా పోయి చాలా ఏళ్లయింది. ఆయన్ని ఎవరికిచ్చాను?" అన్నాను. అవతల నవ్వేశారు. మీ అమ్మ కూడా నవ్విందట. ఏం మాట్లాడానో మీ మావయ్యకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆయన నవ్వుకి పాక మీద కాకులు లేచిపోయాయి.

గడ్డి నీళ్లలో నానేసి, నీళ్లు పిండేసి, చేపల కాటాలో తూచి పెడుతున్నాను. చాలక నా వైపు చూస్తుంది. మొదట్లో ఆ చూపుకి లోపలికి వచ్చి తలుపేసుకునేదాన్ని. ఇప్పుడు అక్కడే నిలబడి, "ఇంతే తల్లీ, ఇంక లేదు" అని చెబుతాను. కొంగు లాగుతుంది. లాగనిస్తాను, పెట్టను. ఇంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. కడుపు నిండా పెట్టడం ఎంత సులువో ఇప్పుడు తెలుస్తోంది.

ఇవాళ పొద్దున పాకలోకి వెళ్లేసరికి తిన్నగా నిలబడి ఉంది. ముందుకాళ్లు చాచలేదు, వెనక్కి వాలలేదు. మామూలు గుర్రం నిలబడినట్టు నిలబడింది. నేను ఆయన్ని పిలిచాను, ఆయనకి వినపడదు కదా, వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇద్దరం గుమ్మంలో నిలబడి చూశాం. అది మమ్మల్ని చూసి, ఇందులో వింతేముందన్నట్టు గడ్డి వైపు తిరిగింది.

ముత్యాలరావు ముందు సీటు ఖాళీగా ఉంచుతానన్నాడు. కాలు చాపుకుని కూర్చోవచ్చు. ఆదివారం రా. ఎక్కడానికని కాదులే. ఊరికే రా.

అత్తయ్య